బోరు లోతు ఎవరు కొలవాలి?



కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, ఒకప్పుడు దండగమారి పథకమని పేరు మోసిందంటే ఇవాళ నంద్యాల రైతు నమ్మడు. కాలువ కింద వరి, కర్నూలు సోనా పేరుతో ఊరూరికీ లారీలెక్కే బియ్యం, నీళ్లు వదల్లేదంటే రోడ్డు మీదికొచ్చే ఆయకట్టు రైతులు. మనకు తెలిసిన కాలువ ఇదే. నూటయాభై ఏళ్ల కిందటి సంగతి వేరు.

ఆ కాలువను 1860ల్లో తవ్వించింది సర్కారు కాదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఇంగ్లండులో వాటాలు అమ్మి పెట్టిన కంపెనీ. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి మాత్రం సర్కారే పూచీ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాకా కాలువ, పొలాలకు నీళ్లు, కాలువలో సరుకుల పడవలు, కంపెనీకి లాభాలు. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. కాలువలోకి నీళ్లూ వచ్చాయి. రాందల్లా రైతులే. నల్లరేగడిలో వాన పదునుతో జొన్న, కొర్ర, పత్తి పండించుకునేవాడు నీటి తీరువా కట్టి మరీ మడి ఎందుకు కట్టాలి? 1876-78 నాటి ధాత కరువులో నీళ్ల కోసం ఎగబడ్డారు, కరువు తీరాక చాలామంది మళ్లీ మెట్ట పంటలకే పోయారు. కడకు 1882లో సర్కారు కాలువను తానే తీసుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఎవరైనా ఈ పథకాన్ని బేరీజు వేస్తే సున్నా మార్కులే పడేవి. ఆ తర్వాతి తరాల్లో మరమ్మతులు జరిగాయి, రకాలు మారాయి, జనం పెరిగారు, బియ్యం తినడం పెరిగింది. అదే కాలువ ఇప్పుడు నంద్యాలకు అన్నం కుండ. మరి 1882 నాటి లెక్క తప్పా అంటే కాదు, అప్పటికి అది నిజమే. తప్పంతా మొదట వేసిన లెక్కలో ఉంది. ఎన్ని మైళ్లు తవ్వాలో, ఎన్ని ఎకరాలకు పారాలో వేసుకున్నారు గానీ, ఆ ఎకరాల్లో సేద్యం చేసే మనిషి ఏమనుకుంటాడో ఎవరూ అడగలేదు. అభివృద్ధి పథకాల మీద ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాటకు ఇంతకంటే మంచి మొదలు నాకు దొరకలేదు.

స్వతంత్రం వచ్చాక మన ప్రభుత్వం ఆ పాఠం కొంత గుర్తుపెట్టుకుంది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైతే, అదే నెలలో దాన్ని పరిశీలించడానికి ప్రణాళికా సంఘం కింద ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ఏర్పాటు చేశారు. పథకం పుట్టిన నెలలోనే దాని తనిఖీదారు కూడా పుట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ తర్వాత బేరీజుకు ఒక దారి బయటి నుంచి వచ్చింది: 1969లో అమెరికా వాళ్ల విదేశీ సహాయ సంస్థ కోసం లాగ్ ఫ్రేమ్ అనే పట్టిక తయారైంది. పెట్టే ఖర్చు, చేసే పని, చేతికొచ్చే ఫలం, చివరికి రావలసిన మార్పు అని నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకూ కొలత, కొలతకు రుజువు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఆ పట్టిక నింపడానికి ఎన్ని రాత్రులు మేలుకున్నారో చెబుతారు. అది పనికిరానిదని నేననను. డబ్బిచ్చేవాడికి జవాబు చెప్పక తప్పదు. కానీ పైమెట్టు దగ్గర రాసే మార్పు, మనుషుల ఆలోచనలో, అలవాటులో, ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరులో వచ్చే మార్పు, ఆ గడిలో ఇమడదు. ఇమడదు కాబట్టి దాని బదులు సులువుగా లెక్కపెట్టగలిగేది రాస్తారు: శిక్షణకు ఎంతమంది వచ్చారు, ఎన్ని సంఘాలు పెట్టాం, ఎన్ని చెక్‌డ్యాములు కట్టాం.

దీనికి విరుగుడుగా ఇంకో దారీ వచ్చింది. రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆయన 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు. ఆయన చాటిన, పీఆర్‌ఏ (ఊరివాళ్లతో కలిసి ఊరిని అంచనా వేయడం) అని మన మండలాల్లో నలిగిన పద్ధతి ఆ రోజుల్లోనే మన దేశంలో ఊపందుకుంది. ఊరి మధ్య చెట్టు నీడన నేల చిమ్మి, ముగ్గుపిండితో వీధులు గీసి, ఇంటికొక చింతగింజ పెట్టి, ఎవరికి పొలముంది, ఎవరికి లేదు, ఎవరు వలస పోతారు అని ఊరివాళ్లే చూపిస్తారు. చదువురాని అవ్వ కూడా వంగి ఒక గింజను పక్కకు జరిపి, అది మా ఇల్లు కాదు, మా ఇల్లు ఇక్కడ అంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే సాయంత్రానికి వచ్చిన సార్లు ఆ పటాన్ని చార్టు మీదికి ఎక్కించుకుని జీపెక్కేస్తారు. ఊళ్లో మిగిలేది మేకలు తొక్కిన ముగ్గు. సమాచారం ఊరిది, కాగితం ఆఫీసుది.

ఈ రెండు దారుల్లోని లోపాన్నీ చాలావరకు సరిదిద్దిన ప్రయత్నం ఒకటి మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం నుంచే నడిచింది. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఏపీవెల్ అని ఒక ప్రాజెక్టు సాగింది. సన్నకారు రైతులు నలుగురైదుగురు కలిసి వాడుకునేలా ఏడు కరువు జిల్లాల్లో మూడు వేలకు పైగా బోర్లు వేశారు. బాగానే ఉంది. కానీ పక్కనే సొంత డబ్బుతో ఇంకొకరు ఇంకా లోతుకు బోరు దింపితే ఈ బోరు ఎండుతుంది. బోర్లు ఇస్తూ పోవడం కన్నా, కింద ఎన్ని నీళ్లున్నాయో రైతుకు తెలియడం ముఖ్యమన్న ఆలోచన అప్పుడు పుట్టింది. 2003లో దాని కొనసాగింపుగా రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు చాంతాడంత ఉంటుంది, మనం నీళ్ల లెక్క ప్రాజెక్టు అనుకుందాం. చిన్న దేశాల నుంచి నేరుగా సాయం తీసుకోరాదని మన కేంద్ర ప్రభుత్వం ఆ రోజుల్లోనే నిర్ణయించడంతో, డబ్బు డచ్చి వాళ్లదే అయినా నడిపే బాధ్యత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు వచ్చింది. క్షేత్రంలో ముందుండి నడిపింది నంద్యాల ప్రాంతపు సంస్థ బర్డ్స్, అంటే భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ. దానితో పాటు మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెలు.

ముందు చేసిన మంచి పని ఏమిటంటే, మండలాన్నో పంచాయతీనో కాక వాగును లెక్కలోకి తీసుకున్నారు. అహోబిలం కొండల్లో పడిన వాన భవనాశి వాగులో దిగి ఎటు పోతుందో పంచాయతీ సరిహద్దు రాళ్లు చెప్పవు. ఒక వాగులోకి వాన నీరు దిగే నేలంతా ఒక యూనిట్. అలాంటివి అరవైకి పైగా తేలాయి. ఆ వాగు పొడుగునా ఉన్న పల్లెల్లో రైతు కమిటీలు, వాటన్నిటినీ కలుపుతూ ఒక పెద్ద సంఘం.

ఇక కొలిచే పని. పొలాల్లో కొన్ని బోర్లను కొలత బోర్లుగా ఎంచారు. పదిహేను రోజులకొకసారి ఊరి మనిషే, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, బోరు పైపులోకి తీగ దింపుతారు. నీళ్లకు తగలగానే పైన బీప్ అని మోగుతుంది. తీగ మీద అంకె చూసి రాసుకుంటారు. నెలకొకసారి బోరు ధార కింద డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. వాన కొలిచే గొట్టం ఇంకొకరి బాధ్యత. ఈ అంకెలన్నీ ఊళ్లో ఒక గోడ మీద అందరికీ కనిపించేలా పెయింటుతో గీసిన బోర్డు మీదికి ఎక్కుతాయి. ఆఫీసుకు పోయే కాగితం తర్వాతి సంగతి.

ఆ అంకెలతో ఏం చేయవచ్చో ఒక్కసారి వేసి చూద్దాం, పెన్నూ కాగితం దగ్గరుంటే మీరూ వేయండి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. వరికి పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, ఎకరానికి 48 లక్షల లీటర్లు. బుడ్డలకు, అదే వేరుశనగకు, 500 మిల్లీమీటర్లు చాలు, 20 లక్షల లీటర్లు. ఇప్పుడు డ్రమ్ము దగ్గరికి రండి. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. కరెంటు రోజుకు ఏడు గంటలు వస్తే 63,000. ఒక్క ఎకరం వరి అనుకుంటే ఆ బోరు 76 రోజులు ఆగకుండా పోయాలి. రెండో ఎకరం వరి వేసినవాడు ఫిబ్రవరిలో ఎందుకు ఏడుస్తాడో ఈ కూడికలోనే ఉంది. మరో వైపు చూద్దాం. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడి, రాతి నేలలో పదో వంతు ఇంకిందనుకుంటే, ఎకరానికి భూమిలో చేరేది రెండు లక్షల ఎనభై వేల లీటర్లు. మడిలోంచి తిరిగి ఇంకేది కొంత ఉంటుంది, దాన్ని పక్కన పెడితే, బోరు కింద ఒక ఎకరం వరి అంటే పదిహేడు ఎకరాల మీద ఇంకిన వాన. ఆ పదిహేడు ఎకరాలూ ఒక్కడివే అయ్యుండవు.

ముంగారు వానలు వెనకబట్టాక, అక్టోబరు ప్రాంతంలో వాగు పొడుగునా ఉన్న రైతులంతా ఒక చోట చేరతారు. అప్పటికి ఎంత వాన పడిందో తెలుసు, బోర్ల మట్టం ఎక్కడుందో తెలుసు. ఈ రబీలో ఎవరు ఏ పంట ఎన్నెకరాలు వేయాలనుకుంటున్నారో ఇల్లిల్లూ తిరిగి ముందే రాసుకుని ఉంటారు. సంసారంలో జమా ఖర్చూ వేసినట్టు, ఒక పక్క నేలలో ఉన్న నీళ్లు, ఇంకో పక్క వేయదలచిన పంటలకు కావలసిన నీళ్లు. లోటు తేలితే అది కొండంత అంకెగా అందరి ముందూ నిలబడుతుంది. దీన్నే పంటల నీటి బడ్జెట్ అన్నారు. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. ఏమీ జరగదు. ఎవరూ ఎవరినీ వరి వేయొద్దనరు. తీర్మానం లేదు, జరిమానా లేదు, తక్కువ నీళ్ల పంట వేస్తే ఇస్తామన్న సబ్సిడీ లేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లోనే వచ్చిన వాల్టా చట్టాన్ని బూచిగా చూపలేదు. రైతు లేచి, పంచె దులుపుకుని ఇంటికి పోతాడు. ఇంట్లో కూర్చుని తన లెక్క తాను వేసుకుంటాడు.

రబీ అయిపోయాక మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతారు. అక్టోబరులో వేస్తానన్నది ఏమిటి, నిజంగా వేసింది ఏమిటి? పథకం వేయడం, దాన్ని బేరీజు వేయడం రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో, ఒకే మనుషుల చేతుల మీదుగా సాగాయి. నేను చూసినంతలో ఇంత పొందికైన ఏర్పాటు మన పథకాల్లో అరుదు. బయటి సంస్థకు కావలసిన రుజువు, రైతుకు కావలసిన కబురు రెండూ ఒకే అంకెలో ఉన్నాయి. రైతుకు అక్కర ఉన్న అంకె కాబట్టి దాన్ని తప్పుగా రాయాలన్న బుద్ధి కూడా ఎవరికీ పుట్టదు. పై ఆఫీసు కోసం నింపే రిజిస్టరు సంగతి మీకు నేను చెప్పాలా?

ఫలితం ఏమొచ్చింది? భారతదేశపు భూగర్భ జలాల మీద 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ఈ ప్రాజెక్టును దేశానికే ఉదాహరణగా చూపింది. మూడేళ్ల లెక్కల్లో 42 శాతం వాగుల్లో రబీ నీటి తోడకం వరుసగా తగ్గింది. 51 శాతంలో కొన్నేళ్లు తగ్గింది, కొన్నేళ్లు లేదు. 7 శాతంలో పెరిగింది. నాకు నచ్చింది ఆ అంకెల కన్నా ఆ నివేదిక రాసిన విశ్లేషకులు చేసిన మరో పరిశీలన. రైతులు నలుగురి మంచి కోసం త్యాగం చేసి నీళ్లు తగ్గించలేదని, ఎవరి పంట నష్టం వాళ్లు తప్పించుకోవడానికి ఎవరికి వాళ్లే తీసుకున్న నిర్ణయాలు కలిసి అంత తగ్గుదల అయిందని వాళ్లు చెప్పారు. సంఘటిత శక్తి, సామూహిక చైతన్యం అని నివేదికలు రాయడం అలవాటైన మనకు ఈ మాట కొంచెం చప్పగా ఉంటుంది. నిజం చాలాసార్లు అంతే చప్పగా ఉంటుంది.

అయితే ఆ తగ్గుదలంతా నీళ్ల లెక్క వల్లనేనా? ఇక్కడ బేరీజు వేసేవాడికి చెమటలు పడతాయి. ఆ సంవత్సరాలను ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ శతాబ్దం మొదటి కరువు ఏళ్లు అప్పుడే గడిచాయి. కరువు చూసినవాడు ఎవరూ చెప్పకపోయినా జాగ్రత్తపడతాడు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. అంటే మోటారుకు కట్టాల్సిన కరెంటు బిల్లు భయం పోయింది. ఇది ప్రాజెక్టుకు ఎదురుగాలి. మరోవైపు నల్లమల అంచున వెలుగోడు నుంచి బ్రహ్మంసాగర్ వైపు పోయే తెలుగుగంగ కాలువకు నీళ్లు వదిలిన ఏడు చుట్టుపక్కల బోర్లు వాటంతటవే పైకొస్తాయి. అది ప్రాజెక్టు గొప్పా, కాలువ గొప్పా?

అన్నిటికంటే పెద్ద చిక్కు శనగ తెచ్చింది. ఆళ్లగడ్డకు పడమటి పక్క, కోవెలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ నల్లరేగళ్లలో 2000 తర్వాత రబీ శనగ ఊహించని వేగంతో అల్లుకుపోయింది. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. వంద రోజుల్లోపు చేతికొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది, బోరు అక్కర్లేదు, అక్టోబరు పదునుతో వేస్తే నేల చెమ్మతోనే పండుతుంది. పొద్దుతిరుగుడు, పొగాకు, పత్తి, జొన్న పోయి అది వచ్చింది. ఆ రేగడిలో రైతు రబీకి తక్కువ నీళ్ల పంట వేశాడంటే, నీటి పాఠం విన్నాడా, విత్తనం నచ్చిందా, ధర బాగుందా? అన్నీ కొంత కొంత. లెక్క తేల్చాలంటే ప్రాజెక్టు లేని ఊళ్లను కూడా మొదటి నుంచీ కొలిచి ఉండాలి. ప్రాజెక్టు లేని ఊరి గోడ మీద బోర్డు ఎవరు గీస్తారు?

ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తుంది. నీళ్లు మిగిలాయని సంతోషించాం, సరే. వరి తగ్గితే నాట్లు తగ్గుతాయి. నాట్లంటే ఊరి ఆడకూలీలకు వరుసగా పని. శనగలో విత్తనానికి గొర్రు, కోతకు కొద్ది రోజుల పని. ఆ పైన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే మిషను కోతకు అనువైన ఎన్‌బీఈజీ-47 శనగ వచ్చింది. మొక్క నిటారుగా పెరిగి కాయ పైన కాస్తుంది కాబట్టి కోత మిషను నేరుగా పోనివ్వచ్చు. రైతుకు ఖర్చు తగ్గింది. కూలి పోయిన ఆవిడ అక్టోబరు మీటింగులో ఎక్కడుంది? బోరు లేదు, భూమి లేదు, జమలోనూ లేదు, ఖర్చులోనూ లేదు. కౌలు రైతు కూడా అంతే. బోరు ఆసామి పేరు మీద, పంట నష్టం కౌలుదారు మీద. సామాజిక మార్పు అని పెద్ద పేరు పెట్టుకున్న ఏ బేరీజు అయినా, లెక్కలో లేనివాళ్లను వెతికి వెళ్లి అడగకపోతే అది భూగర్భ జల శాఖ నివేదిక అవుతుంది, అంతే.

ప్రాజెక్టు ముగిశాక ఏమైంది? చాలా పథకాల విషయంలో ఈ ప్రశ్న అడిగేవాడే ఉండడు. చివరి నివేదిక అందగానే పెట్టెలు సర్దేస్తారు. దీని విషయంలో అడిగారు. ఐడబ్ల్యూఎంఐ-టాటా జల విధాన కార్యక్రమం పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి 2012లో తమ పరిశీలన ప్రచురించారు. చెప్పుకున్నంత జరిగిందా అన్న అనుమానాలు వాళ్లు బాహాటంగానే వెలిబుచ్చారు. ప్రాజెక్టు ఉన్నప్పటి పట్టు తర్వాత లేదన్నది దాని సారం. దీని మీద వాదోపవాదాలున్నాయి, ఉండాలి కూడా. నా మట్టుకు నాకు గోడ మీద రంగు వెలిసిపోవడం ఒక్కటే ఓటమి గుర్తుగా కనిపించదు. ఎకరం వరికి 76 రోజుల కరెంటు కావాలని ఒకసారి తెలిసినవాడికి పదిహేను రోజులకొకసారి మళ్లీ తెలియక్కర్లేదు. కానీ వాడి కొడుక్కి తెలియాలి, కొత్తగా కౌలుకు వచ్చినవాడికి తెలియాలి. తీగ తెగితే కొత్త తీగ ఎవరు కొనాలన్న చిన్న ప్రశ్నకు ప్రాజెక్టు ఉండగానే జవాబు దొరకాల్సింది. పంచాయతీ బడ్జెట్‌లో దానికో పద్దు ఉండుంటే కథ వేరుగా ఉండేదేమో.

అనుకున్నది జరగకపోవడం ఒకటి, అనుకోనిది జరగడం ఇంకొకటి. రెండోదానికి తెలుగునాట పెద్ద సాక్ష్యం నెల్లూరు జిల్లా దూబగుంట. తొంభైల మొదట్లో అక్కడ సాగిన అక్షరదీపం రాత్రిబడుల లక్ష్యం అక్షరాస్యత. ఎంతమంది పేరు రాయగలుగుతున్నారు, ఎంతమంది చదవగలుగుతున్నారు అన్నది కొలత. వాచకంలో ఆడవాళ్లు ఒక్కటై ఊళ్లోంచి సారా అంగడిని తరిమేసిన పాఠం ఒకటి ఉంది. అది చదివిన ఆడవాళ్లు నిజంగానే సారా కొట్టు ముందు బైఠాయించారు. ఆ సెగ జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. నిషేధం తర్వాత ఆ జిల్లాలోనే పొదుపు సంఘాలు ఉద్యమంగా లేచాయి. అక్షరాస్యత శాతం గడిలో వీటికి మార్కులు ఎక్కడ వేస్తారు? నాటి లెక్కలు మాత్రమే చూసి ఆ రాత్రిబడులను తూకం వేసినవాడికి ఆ దశాబ్దపు అతి పెద్ద సామాజిక మార్పు కనిపించేది కాదు. అలాగని పట్టికలు చించేయమనడం లేదు. పట్టిక చివర ఒక ఖాళీ గడి ఉంచి, మీ ఊళ్లో మేం అనుకోనిది ఏం జరిగింది అని అడిగితే చాలు. ఆ గడి నింపడానికి మాత్రం గుమస్తా సరిపోడు, వీధి అరుగు మీద కాసేపు కూర్చునే ఓపిక ఉన్న మనిషి కావాలి.

ఊరే తనిఖీ చేయడం మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాది నుంచే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ పట్టాలెక్కింది. మస్టరులో ఉన్న పేరును ఇంటికి వెళ్లి అడగడం, నువ్వు పని చేశావా, డబ్బు నీ చేతికొచ్చిందా అని. తర్వాత మండల ప్రజావేదికలో మైకు ముందు చదవడం. లోపాలు ఎన్ని ఉన్నా, రిజిస్టరును గట్టిగా చదివి వినిపించడం అన్న పని అధికారాన్ని ఎంత ఇబ్బంది పెడుతుందో ఆ వేదికల దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు. నీళ్ల లెక్కకూ దానికీ ఒకే ఒక్క తేడా. తనిఖీలో జరిగిపోయిన తప్పు పట్టుకుంటారు, నీళ్ల లెక్కలో జరగబోయే నష్టం ముందే చూసుకుంటారు.

ఈ నీటి బడ్జెట్ ఇప్పుడు మనది మాత్రమే కాదు. 2019 డిసెంబరు 25న కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది. అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు. గ్రామస్థులే కొలవడం, పంచాయతీ వారీగా నీటి బడ్జెట్ వేయడం, దాన్నిబట్టి నీటి భద్రతా ప్రణాళిక రాసుకోవడం దాని ఆయువుపట్టు. అది నడిచిన రాష్ట్రాలు ఏడు: గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. అంతకు పదిహేనేళ్ల ముందే అక్టోబరు మీటింగులు పెట్టిన ఆంధ్రప్రదేశ్ పేరు ఆ జాబితాలో లేదు.

మన దగ్గర ఉన్నవి యంత్రాలు. భూగర్భ జల శాఖ వాళ్లు కొలత బోర్లలో నీటి మట్టం చూసే పీజోమీటర్లు దించారు. వాటిలో చాలావాటికి మనిషి అక్కర్లేదు, అంకె తనంతట తాను సర్వర్‌కు చేరిపోతుంది, అక్కణ్ణుంచి వెబ్‌సైటుకు ఎక్కుతుంది. మంచి పనే. కలెక్టరుకు పనికొస్తుంది, పరిశోధకుడికి పనికొస్తుంది. ఆ పెట్టె పక్కనే మిరప నారు పోసుకునే రైతుకు మాత్రం అది తాళం వేసిన డబ్బా. కొలత ఊళ్లోనే ఉంది, అంకె మాత్రం ఊళ్లో లేదు.

ఇది మారడానికి కొత్త పథకం అక్కర్లేదు. చాలా ఊళ్లలో గ్రామ సచివాలయం ఉంది, గోడ ఉంది, సచివాలయంలో వ్యవసాయ సహాయకుడు ఉన్నారు. పీజోమీటరు అంకెను ఫోనులో చూసి పదిహేను రోజులకొకసారి ఆ గోడ మీదికి ఎక్కించడం పది నిమిషాల పని. పక్కనే వాన ఎంత పడిందో ఇంకో వరస. పీజోమీటరు లేని ఊళ్లో ఒక తీగ, ఒక డ్రమ్ము, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. హైస్కూలు పిల్లలకు అప్పగిస్తే లెక్కల మాస్టారికి కూడా ఒక పాఠం కలిసొస్తుంది. అక్టోబరు గ్రామసభలో ఆ గోడను చూస్తూ రబీ మాట్లాడుకోవచ్చు, ఆ సభకు కౌలు రైతునూ నాట్ల కూలీనీ పిలవడం సర్పంచి చేతిలో పని. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. మొదటి కొలత వానలు పడక ముందు, మే నెలలోనే తీసి పెట్టుకోవాలి. అది లేకపోతే అక్టోబరులో గోడ మీద ఎన్ని అంకెలున్నా, వాన ఎంత నింపిందో చెప్పడానికి పక్కన పెట్టి చూసే అంకె ఉండదు.